నవల నుంచి పద్యం దాకా: అన్ని ప్రక్రియలూ చదవడం అలవాటు చేసుకునే పద్ధతి

నవలలైతే ఎన్నైనా చదవగలమని, చరిత్ర పుస్తకం మాత్రం ముప్పై పేజీలు దాటదని చెప్పే పాఠకులు చాలామంది. పద్యం కనిపించగానే పేజీ తిప్పేస్తామనే వారు మరికొందరు. డిసెంబరులో బుక్ ఫెయిర్‌లో ఉత్సాహంగా కొన్న పుస్తకాలు మళ్లీ డిసెంబరు వచ్చేదాకా అల్మరాలోనే ఉండిపోతాయనేది అందరూ చెప్పే మాట. కారణం బద్ధకం కాదు, పుస్తకాల కఠినత్వమూ కాదు. ఒక ప్రక్రియకు అలవాటైన వేగంతో, అదే ఆశతో మరొక ప్రక్రియను చదవబోవడమే చాలా సందర్భాలలో అసలు చిక్కు. నవల ఇచ్చే ఆనందం వేరు, చరిత్ర ఇచ్చేది వేరు, పద్యం ఇచ్చేది ఇంకా వేరు. దేని దగ్గర ఏమి దొరుకుతుందో తెలిసి కూర్చుంటేనే అది దొరుకుతుంది. అందుచేత ఈ మార్గదర్శి ఏ పుస్తకాలు చదవాలన్న జాబితా ఇవ్వదు. ప్రక్రియ మారినప్పుడు చదివే తీరును ఎలా మార్చుకోవాలో హైదరాబాద్ పాఠకులను దృష్టిలో పెట్టుకుని వరుసగా చెబుతుంది.

1. కొనడానికి ముందు లెక్క తేల్చుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని, గడచిన ఏడాదిలో మీరు చేతిలోకి తీసుకున్న పుస్తకాల పేర్లన్నీ రాయండి. పూర్తి చేసినవి, మధ్యలో వదిలినవి, అసలు తెరవనివి అని మూడు వరుసలు చాలు. ప్రతి పేరు పక్కన అది ఏ ప్రక్రియో రాయండి. వదిలిన పుస్తకాల పక్కన, గుర్తుగా పెట్టిన కాగితం ఏ పేజీలో ఉండిపోయిందో ఆ సంఖ్య కూడా రాయండి.

ఆ పేజీ సంఖ్య చాలా చెబుతుంది. మొదటి ఇరవై పేజీల లోపే ఆగితే, మీరు ముందుమాటల దగ్గరే అలసిపోయారని అర్థం. తెలుగు పుస్తకాలలో రచయిత మాట, ప్రచురణకర్త మాట, ఒకరిద్దరు పెద్దల అభిప్రాయాలు కలిసి అసలు విషయానికి అడ్డుగోడ కట్టడం సాధారణమే. వాటిని చివర చదవండి. మూడో వంతు దగ్గర ఆగితే పేర్లు, తేదీలు, బంధుత్వాలు కలగాపులగమై ఉంటాయి. దానికి పక్కన ఒక చీటీ పెట్టుకోవడమే మందు. ముప్పాతిక భాగం దాటాక ఆగిన పుస్తకంలో మాత్రం లోపం పుస్తకానిదీ కాదు, మీదీ కాదు. పెళ్లో పరీక్షో ఆఫీసు పనో అడ్డం వచ్చి ఉంటుంది. ముందుగా దానినే పూర్తి చేయండి.

2. పక్కింటి ప్రక్రియతో మొదలుపెట్టండి

పూర్తి చేసిన వరుసలో ఎక్కువసార్లు కనిపించే ప్రక్రియ మీ సొంత ఇల్లు. అక్కడి నుంచి ఒక్కసారిగా ఊరి అవతలికి దూకకుండా పక్కింటికి వెళ్లడం క్షేమం. ఈ దారులు చాలామందికి పనికివస్తాయి:

- నవలలు ఇష్టపడేవారు ఆత్మకథకు, అక్కడి నుంచి యాత్రాకథనానికి, ఆ తరువాత ప్రాంతీయ చరిత్రకు వెళ్లవచ్చు.
- కథలు ఇష్టపడేవారికి నాటకం దగ్గర, ఎందుకంటే రెండింటిలోనూ చెప్పకుండా వదిలేసినదే ఎక్కువ.
- డిటెక్టివ్ సాహిత్యం చదివేవారు న్యాయస్థానాల కేసుల కథనాలు, అటుపై నేరపరిశోధన వెనుక ఉన్న విజ్ఞానశాస్త్రం చదవవచ్చు.
- సినిమా పాటల సాహిత్యం మీద మక్కువ ఉన్నవారు గేయం, వచన కవిత, శతక పద్యం అనే వరుసలో సాగాలి. నేరుగా ప్రబంధం తెరవడం మంచిది కాదు.
- పోటీ పరీక్షల పుస్తకాలే చదివినవారికి వివరాలు గుర్తుపెట్టుకునే శక్తి ముందే ఉంటుంది. వారు జీవితచరిత్రలు, చారిత్రక నవలల వైపు మళ్లితే ఆ వివరాలకు మనుషులు తోడవుతారు.

కొత్త ప్రక్రియలో మొదటి పుస్తకం 150 పేజీలు మించకపోవడం మంచిది. ఆ రంగంలో గొప్పదని అందరూ చెప్పే బృహద్గ్రంథంతోనే మొదలుపెట్టాలన్న పట్టుదల వల్ల మొత్తం ప్రక్రియకే దూరమైనవారు ఎందరో ఉన్నారు.

3. పుస్తకం చేతికి తెచ్చుకోవడం

కొత్త ప్రక్రియ విషయంలో గ్రంథాలయం మొదట, పాత పుస్తకాల దుకాణం తరువాత, కొత్త పుస్తకం చివర అన్న క్రమం పాటించండి. రుచి తెలియని దాని మీద మొదటే డబ్బు పెడితే, నచ్చకపోయినా చదవాలన్న ఒత్తిడి మొదలై చదువు శిక్షగా మారుతుంది.

నగరంలో అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం (1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైనది), సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం (1901), చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం తెలుగు పాఠకుడు తప్పక చూడవలసినవి. చిక్కడపల్లిలో చదివే గదులు ఉద్యోగార్థులతో నిండి ఉంటాయి కనుక కుర్చీ కోసం కాకుండా పుస్తకాల అరల కోసం వెళ్లండి. సభ్యత్వం, డిపాజిట్, ఇంటికి ఇచ్చే పుస్తకాల నిబంధనలు ఒక్కోచోట ఒక్కో విధంగా ఉంటాయి కాబట్టి మొదటి రోజే కౌంటరు దగ్గర అడిగి రాసుకోండి.

విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు ఇచ్చే డ్యూయీ దశాంశ వర్గీకరణ పాటించే గ్రంథాలయాలలో తెలుగు సాహిత్యం 894.827 సంఖ్య కింద ఉంటుంది. దాని చివర 1 చేరితే కవిత్వం, 2 చేరితే నాటకం, 3 చేరితే కథ, నవల, 4 చేరితే వ్యాసం. 500 అంకెలలో విజ్ఞానశాస్త్రం, 900లలో చరిత్ర, భూగోళం, యాత్రలు. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే ఎవరినీ అడగకుండానే కొత్త అర దగ్గరకు నడిచిపోవచ్చు. మీకు కావలసిన పుస్తకం తీసుకున్నాక, వెనుదిరిగే ముందు అంతకు ముందెన్నడూ ఆగని అర దగ్గర పది నిమిషాలు నిలబడి ఏదో ఒకటి తీసి విషయసూచిక చదవండి. ప్రక్రియలు దాటడానికి ఇంతకంటే ఖర్చు లేని ఉపాయం లేదు.

పాత పుస్తకాలకు కోఠి దుకాణాలు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ప్రసిద్ధం. కోఠిలో పాఠ్యపుస్తకాలదే పైచేయి, సాహిత్యం వాటి మధ్య వెతుక్కోవాలి. ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పుస్తకాలు పరుస్తారు. ఉదయం వెళితే ఎంపిక బాగుంటుంది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు ఒకప్పుడు అచ్చువేసిన తెలుగు అనువాదాలు ఇటువంటి కుప్పలలో అప్పుడప్పుడు దొరుకుతాయి. పిల్లల విజ్ఞాన పుస్తకాలు కనిపిస్తే, వయసు సంగతి మరచిపోయి తీసుకోండి.

పాత పుస్తకం కొనే ముందు చూడవలసినవి:

- ఫారాలు (ఒకే కాగితం మీద అచ్చువేసి, మడిచి కుట్టిన పేజీల కట్టలు) అన్నీ ఉన్నాయా? ఎనిమిదో వంతు డెమ్మీ, క్రౌను సైజు పుస్తకాలలో సాధారణంగా 16 పేజీలకు ఒక ఫారం. అందుచేత 16–17, 32–33, 48–49 పేజీల దగ్గర తెరిచి, అంకెలు వరుసగా ఉన్నాయో లేదో చూడండి. ఒక ఫారం పోయి ఇంకొకటి రెండుసార్లు కుట్టిన ప్రతులు అరుదేమీ కాదు.
- పద్యకావ్యమైతే తాత్పర్యం ఉందా, వట్టి మూలమేనా?
- అనువాదమైతే అనువాదకుని పేరు, ఏ భాష నుంచి చేశారన్న వివరం ఉన్నాయా?
- చరిత్ర, శాస్త్ర పుస్తకాలలో మొదటి ముద్రణ సంవత్సరం ఏది? పునర్ముద్రణ సంవత్సరాన్ని చూసి కొత్త పుస్తకమని భ్రమపడవద్దు.
- చివరి పేజీలు, మ్యాపులు, పటాలు చిరిగిపోయాయా?

డిసెంబరు బుక్ ఫెయిర్‌కు కుదిరితే రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి స్టాళ్లు తిరిగి జాబితాలు తెచ్చుకోవడానికి, రెండోసారి కొనడానికి. ఐదు పుస్తకాలు కొంటే రెండు సొంత ప్రక్రియవి, రెండు పక్కింటివి, ఒకటి పూర్తిగా తెలియనిది అన్న లెక్క చాలామందికి సరిపోతుంది.

ఇంట్లో కూర్చుని చదవాలంటే తెలుగు వికీసోర్స్‌లో, ఆర్కైవ్.ఆర్గ్‌లో పాత పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. మన దేశంలో రచయిత మరణించిన సంవత్సరం ముగిశాక 60 ఏళ్లపాటు హక్కులు కొనసాగుతాయి. అంతకంటే పాతవి నిశ్చింతగా దించుకోవచ్చు.

4. ప్రక్రియను బట్టి చదివే తీరు

మార్గదర్శి మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన భాగం ఇదే. పెన్సిలు, ఒక నోటుపుస్తకం, నిఘంటువు దగ్గర పెట్టుకోండి. ఆంధ్రభారతి వారి ఆన్‌లైన్ నిఘంటు శోధనలో అనేక నిఘంటువులు ఒకేచోట వెతకవచ్చు కనుక ఫోను వాడవచ్చు, కానీ ఆ ఒక్క పనికే.

4.1 పద్యం

పద్యం అర్థం కాకపోవడానికి కఠిన పదాల కంటే తప్పు చోట ఆగడమే ఎక్కువ కారణం. సంస్కృత శ్లోకంలో యతి అంటే విరామస్థానం. తెలుగు పద్యంలో యతి అంటే అక్షరమైత్రి, అంటే పాదం మొదటి అక్షరానికి యతిస్థానంలోని అక్షరానికి కుదిరే పొత్తు. ఉత్పలమాలలో అది పదో అక్షరం, చంపకమాలలో పదకొండోది, శార్దూలంలో పదమూడోది, మత్తేభంలో పద్నాలుగోది. అక్కడ ఆగవలసిన పని లేదు. పాదం చివర ఆగవలసిన పని కూడా లేదు. ఎందుకంటే ఒక్క మాటే ఒక పాదంలో మొదలై మరో పాదంలో ముగియవచ్చు. పాఠశాలలో పాదం పాదంగా అప్పజెప్పిన అలవాటు వల్ల చాలామంది మాటను మధ్యలో విరిచి చదివి, అర్థం కాలేదని అనుకుంటారు.

పాటించవలసిన క్రమం ఇది. మొదట పద్యాన్ని బయటికి, కొంచెం రాగంగా, అర్థం గురించి ఆలోచించకుండా రెండుసార్లు చదవండి. తరువాత పెన్సిలుతో మాటలు విడదీయండి. క్రియ ఎక్కడ ఉందో పట్టుకోండి. అది తరచుగా చివరి పాదంలో ఉంటుంది. ఎవరు, ఎవరిని, ఏమి చేశారు అన్నది క్రియను అడిగితే అన్వయం, అంటే మాటల మధ్య సంబంధం, దానంతటదే తేలుతుంది. అప్పుడే తాత్పర్యం చూడండి. ముందే తాత్పర్యం చదివితే పద్యం వివరణగా మిగులుతుంది, వినబడదు. చివరగా మళ్లీ బయటికి చదివినప్పుడు, ఇందాక వట్టి శబ్దంగా ఉన్నది అర్థంతో కలిసి నడవడం మొదలవుతుంది. పద్యం ఇచ్చే ఆనందం ఆ కలయికలోనే ఉంది, కథలో కాదు.

శతకాలతో మొదలుపెట్టండి. ఏ పద్యానికి ఆ పద్యం పూర్తి కాబట్టి వెనకా ముందూ తెలియవలసిన పని ఉండదు. రోజుకు ఒకటి రెండు పద్యాలు చాలు. పది చదివితే పదీ కలిసిపోతాయి.

4.2 నాటకం

నాటకాన్ని నవలలా మౌనంగా, వేగంగా చదివితే సగం పోతుంది. మొదటి పేజీలోని పాత్రల పట్టికను చీటీ మీద ఎత్తి రాసుకుని, ప్రతి రంగం మొదట్లో వేదిక మీద ఎవరున్నారో పెన్సిలుతో గుర్తుపెట్టుకోండి. మాట్లాడకుండా నిలబడి వింటున్న పాత్రను మరచిపోవడమే నాటక పాఠకులు చేసే పెద్ద పొరపాటు. హాస్యమైనా, ఘర్షణ అయినా చాలాసార్లు ఆ వింటున్న మనిషి ముఖంలోనే ఉంటుంది. ఇంట్లో మరొకరు దొరికితే ఒక రంగం పాత్రలు పంచుకుని బయటికి చదవండి. యాస తెలిసిన పెద్దవాళ్లుంటే మరీ మంచిది.

4.3 చరిత్ర

చరిత్ర పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవవలసిన నియమం లేదు. విషయసూచిక చదివి, మీకు తెలిసిన ఊరో, మనిషో, సంఘటనో ఉన్న అధ్యాయంతో మొదలుపెట్టండి. ఆ అధ్యాయం పట్టుబడ్డాక ముందుకూ వెనక్కూ వెళ్లవచ్చు. పక్కన ఒక కాగితం మీద అడ్డంగా గీత గీసి సంవత్సరాలు గుర్తిస్తూ ఉండండి. పటం ఎదురుగా ఉంచుకోండి.

హైదరాబాద్ రాజ్యం గురించి చదివేవారికి రెండు ప్రత్యేకమైన చిక్కులు ఎదురవుతాయి. మొదటిది కాలగణన. నిజాం కాలపు పత్రాలలో ఫసలీ సంవత్సరం, అంటే సర్కారు రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలిపితే దగ్గరి క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1318 అంటే సుమారు 1908–09. శాలివాహన శకానికి 78 కలపాలి. ముస్లింల హిజ్రీ శకం చాంద్రమానం కనుక ఒకే సంఖ్య కలిపితే కుదరదు, పట్టిక చూడవలసిందే. రెండవది హోదాల పేర్లు. నిజాం పాలనలో అవ్వల్ తాలూక్‌దారు అంటే నేటి జిల్లా కలెక్టరు వంటి అధికారి. తాలూకాను చూసేది తహసీల్దారు. పేరు చూసి తాలూక్‌దారును తాలూకా అధికారి అనుకుంటే ఎవరు ఎవరికి తలవంచారన్నదే తారుమారవుతుంది. ఇటువంటి పదాలకు నోటుపుస్తకంలో రెండు పేజీలు కేటాయించండి. అవి తరువాత తెలంగాణ నవలలు చదివేటప్పుడు కూడా అక్కరకు వస్తాయి.

పాదసూచికలను వదిలేయకండి. ఒక వాక్యానికి ఆధారం శాసనమా, సర్కారు నివేదికా, ఒకరి జ్ఞాపకమా అన్నది అక్కడే తెలుస్తుంది. ఏ ఆధారం మీద రచయిత ఎంత బరువు మోపాడో గమనించడం మొదలుపెట్టాక చరిత్ర చదవడం విచారణ చేయడంలా మారుతుంది. డిటెక్టివ్ నవలలు చదివినవారికి ఇక్కడ పాత రుచి తగులుతుంది.

4.4 ఆత్మకథ, యాత్రాకథనం

ఆత్మకథలో ఇద్దరు మనుషులు ఉంటారు. సంఘటన జరిగినప్పటి మనిషి, చాలా ఏళ్ల తరువాత దానిని రాస్తున్న మనిషి. ఏ వాక్యం ఎవరిదో విడదీస్తూ చదవండి. రచయిత రెండు మాటలతో దాటేసిన సంవత్సరాలను పక్కన రాసుకోండి. అదే కాలం గురించి మరొకరు రాసినది దొరికితే ఆ ఖాళీలు కొంతవరకు నిండుతాయి.

యాత్రాకథనాన్ని పటం లేకుండా చదవవద్దు. ఏనుగుల వీరాస్వామి 1830–31లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్లివచ్చి రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆ దారి హైదరాబాద్ మీదుగానే సాగింది. తెలిసిన ఊరు వచ్చినచోట మొదలుపెట్టి, రోజుకు ఒక మజిలీ చొప్పున పటం మీద వేలు పెట్టుకుని వెళితే, రెండు శతాబ్దాల నాటి భాష కూడా నాలుగు మజిలీలు దాటేసరికి అలవాటవుతుంది.

4.5 విజ్ఞానశాస్త్రం

ఇక్కడ వేగం పూర్తిగా తగ్గాలి. ఒక కూర్చుబడిలో నాలుగైదు పేజీలు చదివినా గౌరవమే. పుస్తకం చెప్పిన లెక్కను ఒక్కటైనా మీ చేత్తో చేసి చూడండి. ఉదాహరణకు వానాకాలం పత్రికలలో కనిపించే టీఎంసీ, క్యూసెక్కుల సంగతి తీసుకోండి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, రోజుకు 86,400 సెకన్లు. వంద కోట్లను 86,400తో భాగిస్తే సుమారు 11,574. అంటే అన్ని క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే ఒక టీఎంసీ నీరు చేరుతుందన్నమాట. ఒక్కసారి ఈ లెక్క వేసినవారు ఆ తరువాత జలాశయాల వార్తను మునుపటిలా చదవలేరు.

ప్రచురణ సంవత్సరం తప్పక చూడాలి. 2006కు ముందు అచ్చయిన ఖగోళ పుస్తకం ప్లూటోను కలిపి తొమ్మిది గ్రహాలని చెబితే అది తప్పు కాదు, ఆనాటి లెక్క. అటువంటి చోట అంచున ఒక చిన్న గుర్తు పెట్టుకుని ముందుకు సాగండి.

4.6 కథ, వచన కవిత, అనువాదం

కథను ఒకే కూర్చుబడిలో చదవాలి, ముగిశాక వెంటనే మరో కథ మొదలుపెట్టకూడదు. వచన కవితకు పద్యం నియమమే వర్తిస్తుంది: బయటికి చదవడం. అనువాదం చదువుతూ వాక్యాలు బిగుసుకున్నట్టు అనిపిస్తే మూల రచయితను నిందించకుండా, అదే పుస్తకానికి మరొక అనువాదం ఉందేమో చూడండి. బెంగాలీ, హిందీ, కన్నడ రచనలకు మూల భాష నుంచి నేరుగా చేసిన అనువాదాలు దొరికినప్పుడు ఇంగ్లిష్ మీదుగా వచ్చిన వాటిని పక్కన పెట్టవచ్చు.

5. ఒకే విషయాన్ని పట్టుకుని ప్రక్రియలు దాటండి

వారానికొక ప్రక్రియ అని పట్టిక వేసుకున్నవారు త్వరగా విసిగిపోతారు. దానికి బదులు ఒక విషయాన్ని ఎంచుకుని, దాని వెంట ప్రక్రియ నుంచి ప్రక్రియకు నడవండి. కుతూహలం తెగకుండా ఉంటుంది. నగరవాసులకు చేతికందే ఉదాహరణ 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద.

చరిత్రతో మొదలుపెట్టండి: ఎక్కడ కట్టలు తెగాయి, ఏ పేటలు మునిగాయి. తరువాత ఇంజనీరింగ్ వైపు వెళ్లండి. వరద తరువాత 1909లో నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన 1951లో వెలువరించిన ఇంగ్లిష్ స్వీయచరిత్రలో హైదరాబాద్ పనుల గురించి రాశారు. ఎగువన జలాశయాలు కట్టి వరదను నిలిపే ఆలోచన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) రూపం దాల్చింది. ఇంజనీరు నీటిని పరిమాణంగా చూస్తాడు. వర్షం ఎంత, పరీవాహక ప్రాంతం ఎంత, ఎంత నీటిని ఎంతసేపు పట్టి ఉంచాలి అన్నదే అక్కడి భాష. ఇందాకటి క్యూసెక్కుల లెక్క ఇక్కడ పనికొస్తుంది.

ఆ తరువాత కవిత్వం. ఆ వరదలోనే తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకున్న ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ విపత్తు మీద కవిత రాశారు. ఉర్దూ లిపి రానివారు హైదరాబాద్‌లో ఉంటూ ఆగిపోవలసిన అవసరం లేదు. చదివి వినిపించమని అడిగితే కాదనే పొరుగువారు ఈ ఊళ్లో తక్కువ. ముందు వినండి, తరువాత భావం అడగండి. క్యూసెక్కులలో కొలిచిన నీరే ఇక్కడ ఒకరి చెయ్యి విడిపించిన నీరవుతుంది. రెండూ చదివినవారికి కలిగే ఎరుక ఏ ఒక్కటి చదివినా కలగదు. అనేక ప్రక్రియలు చదవడంలోని ఆనందం ఏమిటని అడిగేవారికి నేను చూపించగల జవాబు ఇదొక్కటే.

చివరగా పత్రాలు, పటాలు. పాత నగర పటం ఒకటి సంపాదించి, అఫ్జల్‌గంజ్ నుంచి చాదర్‌ఘాట్ దాకా నది ఒడ్డున ఏముండేదో చూడండి. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం కూడా ఆ ఒడ్డునే ఉంది కనుక చదువు, నడక ఒకేరోజు కుదురుతాయి. ఇదే పద్ధతిలో బియ్యం, రైలు, మశూచి, చేనేత, చెరువు వంటి ఏ విషయాన్నైనా తీసుకోవచ్చు. వ్యక్తి పేరు కంటే వస్తువు పేరు ఎంచుకుంటే ఎక్కువ ప్రక్రియలు తగులుతాయి.

6. వారాన్ని పంచుకోవడం

ఒకేసారి రెండు పుస్తకాలు నడపండి, మూడు దాటనివ్వకండి. ఒకటి నిదానంగా చదవవలసినది, రెండవది సొంత ప్రక్రియకు చెందినది. మొదటిదానిని మెదడు తాజాగా ఉన్న వేళకు ఉంచి, రాత్రి నిద్రకు ముందు రెండవది తీసుకోండి. చాలామంది దీనికి తలకిందులుగా చేసి, పగలంతా పని చేశాక పడక మీద శాస్త్రగ్రంథం తెరిచి, మూడో పేజీలో నిద్రపోతారు.

మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వైపు మెట్రోలో రోజూ వెళ్లేవారికి కథ, వ్యాసం, శతకం అనుకూలం. నిలబడి ఒంటిచేత్తో పట్టుకోవలసి వస్తుంది కాబట్టి పుస్తకం తేలికగా ఉండాలి. పటం చూడవలసిన చరిత్ర, పెన్సిలు కావలసిన శాస్త్రం, బయటికి చదవవలసిన పద్యం, నాటకం ఇంటికే ఉంచండి. ఒక గంట దొరికే ఆదివారం ఉదయం పద్యానికి ఇస్తే బాగుంటుంది.

చదివాక నోటుపుస్తకంలో రాయవలసినవి మూడే: పుస్తకం పేరు, తేదీ; కొత్తగా తెలిసినది ఒక వాక్యం; దీని తరువాత ఏమి చదవాలనిపించింది. సారాంశాలు రాయవద్దు. సారాంశం రాయాలన్న బెంగతో చదవడమే మానేసినవారున్నారు.

7. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

తెలియని మాట వచ్చిన ప్రతిసారీ ఆగడం. ఒక పేజీలో ఒకటి రెండు మాటలకు మించి వెతకకండి. మిగిలినవాటి కింద గీత గీసి వదిలేయండి. సగానికి పైగా మాటలకు అర్థం మరో పది పేజీలలో దానంతటదే తెలుస్తుంది. పద్యానికి మాత్రం ఈ సవరణ వర్తించదు.

చారిత్రక నవలను చరిత్రగా నమ్మడం. నవల ముగిశాక అదే కాలం మీద ఒక చరిత్ర అధ్యాయమైనా చదివి, ఏ పాత్రలు నిజంగా ఉన్నవారో, ఏవి కల్పితాలో పక్కన గుర్తించండి. నవల స్థాయి దీనివల్ల తగ్గదు. రచయిత ఎక్కడ కల్పన చేశాడో తెలిస్తే ఎందుకు చేశాడన్న ఆసక్తికరమైన ప్రశ్న మొదలవుతుంది.

పుస్తకాల సంఖ్యను లెక్కపెట్టుకోవడం. ఏడాదికి ఇన్ని పుస్తకాలన్న పందెం సన్నని పుస్తకాల వైపు, తేలిక ప్రక్రియల వైపు తోస్తుంది. లెక్క తప్పదనుకుంటే పుస్తకాలను కాక, కొత్తగా అడుగుపెట్టిన అరలను లెక్కించండి.

ఇంట్లో అందరికీ ఒకే రుచి అంటగట్టడం. మీకు చరిత్ర పట్టుబడగానే అమ్మకు, తమ్ముడికి అదే పుస్తకం ఇవ్వడం ఎక్కువసార్లు బెడిసికొడుతుంది. వారి సొంత ప్రక్రియకు పక్కన ఉన్నదేదో చూసి ఇవ్వండి. కళ్లు సహకరించని పెద్దవారికి పద్యమో నాటకమో చదివి వినిపించడం మంచిది. మీ ఉచ్చారణను వారు సరిదిద్దుతారు కూడా.

సారం చెప్పే వీడియోలు చూసి చదివినట్టు భావించడం. విషయం తెలుసుకోవడానికి అవి చాలు, కానీ ఈ మార్గదర్శికీ వాటికీ సంబంధం లేదు.

8. ఎప్పుడు వదిలేయాలి

ఒక పుస్తకాన్ని వదిలేయడం వేరు, ఒక ప్రక్రియను వదిలేయడం వేరు. పుస్తకాన్ని యాభై పేజీల తరువాత, లేదా సన్నని పుస్తకమైతే నాలుగో వంతు తరువాత నిస్సంకోచంగా మూసేయవచ్చు. ప్రక్రియ విషయంలో మాత్రం కనీసం ముగ్గురు రచయితలను, వీలైతే ముగ్గురినీ వేర్వేరు కాలాల నుంచి, చదివి చూశాకే నిర్ణయానికి రండి. ఒక నీరసమైన చరిత్రకారుడు చరిత్ర మొత్తానికి బాధ్యుడు కాడు.

వదిలే ముందు ఒకసారి సరిచూసుకోండి:

- ముందుమాటలు దాటి అసలు విషయంలోకి వెళ్లారా?
- ఆ ప్రక్రియకు తగిన వేగంతో, తగిన వేళలో చదివారా?
- పద్యమో, నాటకమో అయితే బయటికి చదివారా?
- అనువాదమైతే మరొకటి చూశారా?
- పుస్తకం మీ ప్రస్తుత స్థాయికి మించి పెద్దదా?

అన్నింటికీ సమాధానం తృప్తికరంగా ఉండి, అయినా మనసు పట్టకపోతే, గ్రంథాలయం పుస్తకమైతే గడువుకు ముందే తిరిగి ఇచ్చేయండి. సొంతదైతే అది నచ్చే మనిషికి ఇవ్వండి. ఆ ప్రక్రియ పేరును నోటుపుస్తకం చివరి పేజీలో తేదీతో సహా రాసుకుని, ఏడాది గడిచాక మరొక రచయిత రాసిన చిన్న పుస్తకంతో మళ్లీ ప్రయత్నించండి.